తెర మీద ఆఫీసు: పనిచోట వివక్షకు ధారావాహిక పలికిన సాక్ష్యం

ఎవరి స్మృతిలో మనం ఇవాళ ఇక్కడ కూడామో ఆ విదుషీమణి, గడప దాటి ఉద్యోగాలకు వెళ్లిన స్త్రీల కష్టసుఖాలు అక్షరానికి ఎక్కాలని జీవితమంతా కోరుకున్నవారు. ఆ కోరికను గౌరవిస్తూ, సాహిత్య సభల్లో అంతగా చోటు దొరకని ఒక కళారూపాన్ని ఈ ఉపన్యాసానికి ఎంచుకున్నాను. అది టెలివిజన్ నాటకం. ఆఫీసుల్లో స్త్రీల పట్ల సాగే వివక్షను, అనుచిత ప్రవర్తనను ఇంగ్లండ్, అమెరికా దేశాల ధారావాహికలు గత నాలుగు దశాబ్దాల్లో ఎలా చూపించాయన్నది విషయం. నా ప్రతిపాదన ఒక్కటే. ఈ అన్యాయం ఒకనాడు జరిగి ముగిసిపోయేది కాదు, రోజూ తిరిగి తిరిగి వచ్చేది. చట్టం తేదీ అడుగుతుంది, సాక్షిని అడుగుతుంది. సినిమాకు రెండున్నర గంటల్లో తేలిపోయే పతాక సన్నివేశం కావాలి. ధారావాహిక మాత్రం అదే గదికి, అవే కుర్చీలకు, అవే ముఖాలకు వారం వారం తిరిగి వస్తుంది. అందుకే, న్యాయస్థానం ఎంతో కష్టపడి ఆలస్యంగా గుర్తించిన ఒక నిజాన్ని చూపించగల శక్తి ఈ రూపానికి పుట్టుకతోనే ఉంది. ఆ శక్తిని అది ఎప్పుడు వాడుకుంది, ఎప్పుడు వాడుకోలేకపోయింది అన్నదే ఇవాళ్టి విచారణ.

ముందు చట్టం నడిచిన దారి చూద్దాం. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో జాతి, రంగు, మతం, లింగం వంటి ఆధారాలతో వివక్ష చూపరాదని శాసించింది. కానీ పై అధికారి తన కింద పనిచేసే స్త్రీని ఒళ్లు జలదరించేలా తాకడం, వెంటపడడం ఈ వివక్ష కిందికి వస్తాయని అప్పటికి న్యాయస్థానాలు అనుకోలేదు. న్యూయార్క్ రాష్ట్రం ఇథాకా పట్టణంలో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పనిచేసిన కార్మిటా వుడ్ 1974లో ఉద్యోగం వదిలేశారు. అక్కడి ఒక ప్రొఫెసర్ ఎదురుపడకుండా ఉండడానికి ఆమె లిఫ్టు మానేసి మెట్లెక్కడం అలవాటు చేసుకున్నారు. ఆరోగ్యం పాడైంది, బదిలీ అడిగితే దొరకలేదు. చివరికి రాజీనామా చేసి నిరుద్యోగ భృతికి దరఖాస్తు పెట్టుకుంటే, వ్యక్తిగత కారణాలతో ఉద్యోగం మానుకున్నట్టు తేల్చి తిరస్కరించారు. ఆ మెట్ల మీద గడిచిన నెలలన్నింటికీ ప్రభుత్వ కాగితం మీద దక్కిన చోటు అంత మాత్రమే. 1975 మే నెలలో అదే ఊళ్లో స్త్రీలు బహిరంగ సభ పెట్టి, ఒకరి తర్వాత ఒకరు లేచి తమ తమ ఆఫీసుల సంగతులు చెప్పారు. విడివిడిగా ఎవరికి వారు వ్యక్తిగతమనుకున్నది వరసగా విన్నప్పుడు ఒక వ్యవస్థగా కనిపించింది. 1979లో న్యాయశాస్త్రవేత్త కాథరిన్ మెకినన్ ఈ వేధింపులు లింగవివక్షేనని ఒక గ్రంథంలో వాదించారు. 1986లో మెషెల్ విన్సన్ అనే బ్యాంకు ఉద్యోగిని కేసులో అమెరికా సుప్రీంకోర్టు, జీతం తగ్గకపోయినా, ఉద్యోగం పోకపోయినా, పనిచోటి వాతావరణాన్నే భరించలేనిదిగా మార్చడం కూడా వివక్షేనని ఏకగ్రీవంగా చెప్పింది. సంఘటన నుంచి వాతావరణం దాకా రావడానికి చట్టానికి 22 ఏళ్లు పట్టింది.

మన దేశంలోనూ ఆ దారి దగ్గరేమీ కాదు. ఐఏఎస్ అధికారిణి రూపన్ దేఓల్ బజాజ్ 1988 జులైలో చండీగఢ్‌లో జరిగిన ఒక విందులో తన పట్ల అసభ్యంగా ప్రవర్తించినందుకు పంజాబ్ పోలీసు అధిపతి కె.పి.ఎస్. గిల్ మీద ఫిర్యాదు చేశారు. హైకోర్టు ఆ ఫిర్యాదును కొట్టేసింది. సుప్రీంకోర్టు దాన్ని 1995లో మళ్లీ నిలబెట్టింది. ఆయన దోషి అన్న తీర్పు 2005లో గాని అంతిమంగా ఖరారు కాలేదు. అంత పెద్ద హోదాలో ఉన్న స్త్రీకే 17 ఏళ్లు పట్టింది. రాజస్థాన్‌లోని భటేరీ గ్రామంలో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేస్తూ, బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన భన్వారీ దేవికి కింది కోర్టులో న్యాయమే జరగలేదు. ఆ ఘోరం నుంచి పుట్టిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలోనే 1997 ఆగస్టు 13న పనిచోట లైంగిక వేధింపులను నివారించడానికి సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేసేసరికి 2013 వచ్చింది. ఆ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం సంఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. వరసగా జరిగిన సంఘటనలైతే చివరిదాని నుంచి మూడు నెలలు. కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. చట్టం కూడా వరసను గుర్తించింది. కానీ ఆ వరసను కాగితం మీద రుజువు చేయాల్సిన భారం మాత్రం మెట్లెక్కి అలసిపోయిన మనిషిదే.

ఇక తెర దగ్గరికి వద్దాం. టెలివిజన్ ఈ విషయాన్ని మొదట్లో ఒక ఎపిసోడ్‌కు సరిపడా సమస్యగానే చూసింది. దుర్మార్గుడైన ఒక అధికారి వస్తాడు, నాయిక ఎదిరిస్తుంది, వాడు వెళ్లిపోతాడు, మరుసటి వారం ఆఫీసు ఎప్పటిలా శుభ్రంగా ఉంటుంది. ఆ హద్దు దాటబోయిన తొలి ప్రయత్నాల్లో అమెరికాలో 1982లో సీబీఎస్ ఛానల్‌లో మొదలైన 'కాగ్నీ అండ్ లేసీ' ఒకటి. న్యూయార్క్ పోలీసు శాఖలో ఇద్దరు మహిళా డిటెక్టివ్‌ల కథ అది. ఆరు ఎపిసోడ్లు కాగానే ఛానల్ వారు కాగ్నీ పాత్రధారిణి మెగ్ ఫాస్టర్‌ను మార్పించారు. ఆ ఇద్దరు స్త్రీలూ మరీ కరుకుగా, వ్యవస్థతో పోట్లాడడానికే వచ్చినట్టుగా కనిపిస్తున్నారన్నది పేరు చెప్పని ఒక అధికారి వివరణ. 1983లో ఛానల్ ఆ ధారావాహికనే ఆపేసింది. ప్రేక్షకులు ఉత్తరాలు కుప్పలుగా రాయడంతో తిరిగి మొదలుపెట్టక తప్పలేదు. మహిళా పోలీసు కథలో ఆఫీసు ఆమెను ఎలా చూస్తుందన్నది కథకు అవసరమా అనే ప్రశ్న ఆనాడే లేచింది. 1989లో దూరదర్శన్‌లో కవితా చౌధరి తానే రాసి, తీసి, నటించిన 'ఉడాన్', ఆమె అక్క, ఐపీఎస్ అధికారిణి కంచన్ చౌధరి భట్టాచార్య జీవితం ఆధారంగా వచ్చింది. ఆ ప్రశ్నకు మన దేశం నుంచి వెళ్లిన నిండైన జవాబుల్లో అదొకటి.

ఈ విషయంలో 1991 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో ఐటీవీ ప్రసారం చేసిన 'ప్రైమ్ సస్పెక్ట్'ను పెద్ద మలుపుగా నేను భావిస్తాను. రచయిత్రి లిండా లా ప్లాంట్, డిటెక్టివ్ జేన్ టెన్నిసన్ పాత్రలో హెలెన్ మిరెన్. అప్పటికి ఇంగ్లండ్‌లో ఒక నిజమైన కేసు నడుస్తోంది. మెర్సీసైడ్ పోలీసు శాఖలో అసిస్టెంట్ చీఫ్ కానిస్టేబుల్ అలిసన్ హాల్ఫర్డ్, స్త్రీ కావడం వల్లే తనకు పదే పదే పదోన్నతి నిరాకరించారని 1990లో ట్రిబ్యునల్‌కు వెళ్లారు. లా ప్లాంట్ గొప్పతనం, ఈ వివక్షను హత్యకేసు పక్కన ఉపకథగా పెట్టకుండా హత్యకేసు కడుపులోనే పెట్టడం. హత్య జరిగిన రాత్రి అందుబాటులో ఉన్నా టెన్నిసన్‌ను పక్కనపెట్టి షెఫర్డ్ అనే అధికారికి కేసు ఇస్తారు. అతను గుండెపోటుతో చనిపోతేనే కేసు ఆమె చేతికి వస్తుంది. అతని సార్జెంట్ ఓట్లీ ఆమెకు అడుగడుగునా అడ్డుపడతాడు. చనిపోయిన స్త్రీ ఎవరన్నది మొదట్లోనే తప్పుగా నమోదైందని ఆమె కనిపెడుతుంది. అలా పొరపాటున నమోదైన పేరు ఒక సెక్స్ వర్కర్‌ది, షెఫర్డ్‌కు ఆమెతో సంబంధం ఉంది. ఆ సంగతి బయటపడకుండా ఓట్లీ ఆధారాలను దాచేస్తాడు. ఇక్కడ దుర్మార్గుడు ఎవరు? షెఫర్డ్ చనిపోయాడు. అతన్ని ప్రేమించే సహోద్యోగులు ఉన్నారు, అతని కుటుంబం కోసం చందాలు పోగుచేస్తున్నారు. ఆ ప్రేమే, ఆ స్నేహమే ఒక అబద్ధాన్ని కాపాడుతోంది. ఆ అబద్ధం వల్ల హంతకుడు బయట తిరుగుతున్నాడు. మగవాళ్ల మధ్య విధేయతకు మూల్యం ఒక స్త్రీ పరువే కాదు, దర్యాప్తు సత్యం కూడా అని ఇంత సూటిగా చెప్పిన నాటకం అంతకుముందు నాకు కనిపించదు.

ఇప్పుడు నా వాదానికి వెన్నెముక లాంటి సన్నివేశం దగ్గర కొంచెం ఆగాలి. అమెరికాలో ఏఎంసీ ఛానల్ 2007 నుంచి 2015 దాకా 92 ఎపిసోడ్లుగా ప్రసారం చేసిన 'మ్యాడ్ మెన్', 1960 నుంచి 1970 దాకా న్యూయార్క్‌లోని ఒక ప్రకటనల కంపెనీ కథ. అందులో జోన్ అనే ఆఫీస్ మేనేజర్ ఉంది. కంపెనీలోని టెలివిజన్ విభాగానికి పని ఎక్కువై, సీరియళ్ల స్క్రిప్టులు ముందుగా చదివి, ఏ ప్రకటనకు ఏ కథ ఇబ్బంది తెస్తుందో చెప్పే మనిషి కావలసివస్తుంది. ఆ పని జోన్ చేస్తుంది. ఇంటికి కూడా స్క్రిప్టులు పట్టుకెళ్తుంది. ఖాతాదారుల ముందు కథను రక్తి కట్టించి చెబుతుంది. పని ఆమెకు నచ్చింది, ఆమె పని వాళ్లకు నచ్చింది. అంతలో ఆ ఉద్యోగానికి ఒక యువకుణ్ని తీసుకుంటారు. అతనికి పని నేర్పమని ఆమెకే చెబుతారు. ఎవరూ కసరలేదు, అవమానించలేదు, తాకలేదు. ఆమె పేరు ఆ కుర్చీకి తగునని తోచకపోవడమే అక్కడ జరిగింది. జోన్ నవ్వుతూ సరేనంటుంది. ఆ రాత్రి ఇంట్లో బట్టలు మార్చుకుంటూ, రోజంతా లోదుస్తుల పట్టీ ఒరిసి భుజం మీద పడిన ఎర్రటి గుర్తును వేళ్లతో రుద్దుకుంటుంది. మాట ఒక్కటీ లేదు. ఆ ఎపిసోడ్ 2008లో వచ్చింది. జోన్ ఫిర్యాదు రాయాలంటే ఏ తేదీ వేయాలి? ఎవరి పేరు రాయాలి? ఏ సెక్షన్ కింద రాయాలి? ఇలాంటి ఫిర్యాదును ఏ విచారణ కమిటీ స్వీకరించలేదు. ప్రేక్షకుడు మాత్రం స్వీకరించాడు. ఎందుకంటే అప్పటికి ఇరవై ఎపిసోడ్లుగా అతను ఆ ఆఫీసులో కూర్చుని ఉన్నాడు. ఆ స్త్రీకి అక్కడ ఏమేమి తెలుసో, ఎవరెవరి కంటే ఎంత ఎక్కువ తెలుసో అతనికి తెలుసు.

అదే జోన్ కథ ఏళ్ల మీద ఎక్కడికి వెళ్లిందో కూడా చెప్పాలి. 2012లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో, జాగ్వార్ కార్ల ప్రకటనల కాంట్రాక్టు దక్కాలంటే ఆమె ఒక డీలర్‌తో ఒక రాత్రి గడపాలన్న ప్రతిపాదన భాగస్వాముల గదిలో చర్చకు వస్తుంది. ఆమె లేకుండానే ఆ చర్చ. అందుకు ప్రతిగా ఐదు శాతం వాటా. 2015లో, ముగింపుకు కొద్దిగా ముందు, ఆ కంపెనీని మింగేసిన పెద్ద సంస్థలో సహోద్యోగులు ఆమె మాట లెక్కచేయరు, ఒకడు విహారయాత్రకు రమ్మంటాడు. ఆమె పైకి వెళ్లి, సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు వెళ్తానని హెచ్చరిస్తుంది. చివరికి తనకు రావలసిన 5 లక్షల డాలర్లలో సగం తీసుకుని బయటికి నడుస్తుంది. ఐదు శాతం వాటాను, అందులో సగాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఆఫీసు ప్రతిసారీ లెక్క కట్టింది, ప్రతిసారీ ఆమెకు తక్కువ కట్టింది. ఒక్క సినిమాలో ఈ లెక్క ఇమడదు. ఏడు సీజన్లు పట్టింది కాబట్టే లెక్క కనిపించింది.

ఈ ధారావాహిక ఆ కాలపు సూట్లను, సిగరెట్ పొగను, మద్యం గ్లాసులను అందంగా చూపించి వివక్షను కూడా ఆకర్షణీయం చేసిందని ఆక్షేపణ ఉంది. బలమైన ఆక్షేపణే. ఆ అందాన్ని మాత్రమే చూసి మురిసిన ప్రేక్షకులూ ఉన్నారు. కానీ ఆ అందం లేకపోతే జోన్ అక్కడ ఎందుకు ఉండిపోయిందో అర్థం కాదు. వేధింపులున్న ఆఫీసు నరకంలా కనిపిస్తేనే నమ్ముతామంటే, మెరిసే గాజు గోడల మధ్య, పండగ బోనస్‌ల మధ్య, స్నేహాల మధ్య అది సాగే తీరును మనం ఎన్నటికీ గుర్తుపట్టలేం. హైదరాబాద్ మాదాపూర్‌లోనైనా, టెక్సస్‌లోనైనా పనిచేసే మన అమ్మాయిలకు ఈ మాట వివరించనక్కరలేదు.

2019 నవంబరులో యాపిల్ సంస్థ ఓటీటీ సేవ మొదలైన రోజునే విడుదలైన 'ది మార్నింగ్ షో' ఈ వాదాన్ని మరో మెట్టు పైకి తీసుకెళ్లింది. ఉదయపు వార్తా కార్యక్రమాల లోపలి పోటీ గురించి బ్రయన్ స్టెల్టర్ రాసిన పుస్తకం దానికి మొదటి ఆధారం. 2017 అక్టోబరులో 'మీ టూ' ఉద్యమం వెల్లువెత్తి, ఆ నవంబరులోనే సీబీఎస్ నుంచి చార్లీ రోజ్‌ను, ఎన్‌బీసీ నుంచి మ్యాట్ లవర్‌ను తొలగించడంతో కథను కొత్తగా అల్లారు. మిచ్ కెస్లర్ అనే యాంకర్‌ను తొలగించిన ఉదయంతో కథ మొదలవుతుంది. అంటే నేరం బయటపడడం ఇక్కడ ముగింపు కాదు, ఆరంభం. ఎనిమిదో ఎపిసోడ్‌లో కథ వెనక్కి వెళ్తుంది. లాస్ వేగస్‌లో కాల్పుల ఘటనను కవర్ చేయడానికి వెళ్లిన బృందంలో హానా అనే యువ ఉద్యోగిని ఉంది. ఆ రోజు చూసిన దృశ్యాలతో కుంగిపోయి ఉన్న ఆమెను మిచ్ తన గదికి పిలుస్తాడు. తర్వాత ఆమె ధైర్యం కూడగట్టుకుని ఛానల్ అధినేత దగ్గరికి వెళ్లి చెబుతుంది. ఆయన కోప్పడడు, అబద్ధమని అనడు. ఒక మంచి పదవి ఖాళీగా ఉందని, దానికి ఆమె తగినదని చెబుతాడు. ప్రమోషన్ వచ్చింది, ఫిర్యాదు ముగిసింది. ఇకపై ఎవరు అడిగినా ఆమె దగ్గర ఉన్నది నేరానికి సాక్ష్యం కాదు, తాను లాభపడినట్టు చెప్పే నియామకపత్రం. సీజన్ చివర ఆమె మరణిస్తుంది.

మిచ్ పాత్రను స్టీవ్ కరెల్ వంటి ప్రియమైన హాస్యనటుడికి ఇచ్చి, అతని ఒంటరితనాన్ని, కన్నీళ్లను అంతంతసేపు చూపించడం బాధితురాలికి అన్యాయమని చాలామంది విమర్శించారు. తర్వాతి సీజన్‌లో అతనికి దక్కిన సానుభూతి విషయంలో ఆ విమర్శను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అక్కడ రచన కాలుజారింది. కానీ మొదటి సీజన్ వరకు ఆ ఎంపిక సరైనదే. తనను తాను మంచివాడినని నమ్మే మనిషి, సిబ్బంది పుట్టినరోజులు గుర్తుపెట్టుకునే మనిషి ఈ పని చేయగలడని చూపకపోతే, ఆ ఆఫీసులో అన్నేళ్లు అందరూ ఎందుకు ఊరుకున్నారో తెలియదు. అధినేత ఇచ్చిన ప్రమోషన్‌ను చూపిన ఆ రెండు నిమిషాలు, మిచ్ దోషిత్వం కంటే పెద్ద దోషాన్ని చూపాయి. సంతకం చేసిన చేయి మిచ్‌ది కాదు.

ఇంతవరకు కథల గురించి చెప్పాను. ఈ కథలు పుట్టే చోటు కూడా ఒక ఆఫీసేనన్నది ఇంకా బరువైన సంగతి. 1970 మార్చి 16న అమెరికా వారపత్రిక న్యూస్‌వీక్ మహిళా ఉద్యమం మీద ముఖచిత్ర కథనం వేసింది. రాయడానికి సంస్థలో స్త్రీలు రచయితల స్థానంలో దాదాపు లేకపోవడంతో బయటి పాత్రికేయురాలు హెలెన్ డ్యూడర్‌తో రాయించింది. వాస్తవాలు సేకరించి, సరిచూసి పెట్టడం అమ్మాయిల పని, రాయడం అబ్బాయిల పని. ఆ సంచిక వెలువడిన రోజే పత్రికలోని 46 మంది స్త్రీలు, ఎలినర్ హోమ్స్ నార్టన్ న్యాయవాదిగా, ప్రభుత్వ కమిషన్ ముందు వివక్ష ఫిర్యాదు పెట్టారు. వారిలో ఒకరైన లిన్ పోవిచ్ 2012లో ఆ చరిత్రను పుస్తకంగా రాశారు. దాని ఆధారంగా 'గుడ్ గర్ల్స్ రివోల్ట్' 2016 అక్టోబరులో అమెజాన్‌లో వచ్చింది. పది ఎపిసోడ్ల ఒక్క సీజన్ కాగానే ఆ డిసెంబరులో రద్దయింది. ఆ నిర్ణయం జరిగినప్పుడు అమెజాన్ స్టూడియోస్ అధిపతిగా ఉన్న రాయ్ ప్రైస్, ఒక మహిళా నిర్మాత చేసిన లైంగిక వేధింపు ఆరోపణ బయటికి రావడంతో 2017 అక్టోబరులో పదవి వదులుకున్నారు. ఒకదానికొకటి కారణమని చెప్పే ఆధారం నా దగ్గర లేదు, అలా చెప్పను. ఏ కథ బతకాలో తేల్చే గదిలో ఎవరు కూర్చున్నారన్న ప్రశ్నను మాత్రం ఆ రెండు తేదీలు మన ముందు పెడతాయి.

రచయితల గది సంగతి ఇంకా ముందే న్యాయస్థానానికి వెళ్లింది. ప్రపంచమంతా చూసిన 'ఫ్రెండ్స్' హాస్య ధారావాహికలో రచయితల సహాయకురాలిగా 1999లో చేరిన అమానీ లైల్, నాలుగు నెలలకు ఉద్యోగం పోయాక, ఆ గదిలోని అశ్లీల సంభాషణలు వేధింపేనని వార్నర్ బ్రదర్స్ మీద కేసు వేశారు. 2006లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆమె వాదాన్ని తోసిపుచ్చింది. పెద్దలకోసం హాస్యం రాసే సృజనాత్మక స్థలంలో ఆ మాటలు పనిలో భాగమని, ఆమెను ఉద్దేశించి అన్నవి కావని న్యాయమూర్తులు భావించారు. కళాస్వేచ్ఛను నేను తక్కువ చేయను. చెడ్డ మాట పలకకుండా చెడ్డ మనిషిని రాయలేం. కానీ పాత్రకోసం పలికే మాటకూ, టైపు చేస్తూ కూర్చున్న ఉద్యోగిని చెవిలో గంటల తరబడి పడేలా సరదాకు పలికే మాటకూ తేడా ఉంది. ఆ తేడాను కొలవకుండా తీర్పు ముగిసిందన్నది నా అభిప్రాయం. మరో ఉదాహరణ సీబీఎస్‌లోనే దొరుకుతుంది. 'బుల్' అనే న్యాయస్థాన ధారావాహికలో నటించిన ఎలైజా దుష్కూ, ప్రధాన నటుడు సెట్‌లో అందరి ముందూ చేసిన వ్యాఖ్యలకు అభ్యంతరం చెప్పాక ఆమె పాత్రను కథలోంచి తీసేశారు. రహస్య ఒప్పందం కింద ఛానల్ ఆమెకు 95 లక్షల డాలర్లు చెల్లించిన సంగతి 2018 డిసెంబరులో బయటపడింది. తెర మీద న్యాయం కోసం వాదించే కథ, తెర వెనక ఫిర్యాదుదారును కథలోంచి తొలగించింది.

అయితే ఇలాంటి సంస్థలు తీసే నాటకాలను ఎందుకు నమ్మాలని అడగవచ్చు. బాధను సరుకుగా మార్చి చందాలు వసూలు చేసుకోవడమే కదా అని కూడా అనవచ్చు. అమ్ముకుంటున్నారన్నది నిజం. కానీ వార్తాపత్రికలూ అమ్ముడవుతాయి, నవలలూ అమ్ముడవుతాయి. ఎవరు అమ్మారన్నదాని కంటే, చూపించినది నిజమా కాదా అన్నదే కళకు కొలత. నాటకం నిజం చెప్పిన చోట, దాన్ని తీసిన సంస్థనే ఆ నాటకంతో నిలదీసే హక్కు ప్రేక్షకుడికి వస్తుంది. నిజం చూపించలేని సంస్థ నుంచి ఆ హక్కు కూడా రాదు. మరో అభ్యంతరం నాకు ఇంకా బరువుగా తోస్తుంది. ఇవన్నీ న్యూయార్క్ అంతస్తుల్లోని కలిగిన స్త్రీల కథలు, భన్వారీ దేవి ఆఫీసు ఏది? ఆమెకు ఆఫీసు లేదు. ఊరే ఆమె పనిచోటు. 2013 చట్టం ఇంటిపనివారిని కూడా తన పరిధిలోకి తెచ్చింది. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్నచోట్ల వారికోసం, యజమాని మీదే ఫిర్యాదు చేయాల్సినవారికోసం ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలంది. ఆ స్థానిక కమిటీ తలుపు తట్టిన స్త్రీ కథ మన భాషలో ఏ ధారావాహికకైనా ముఖ్య కథ అయిందా? ఈ లోటు ఆ రూపానిది కాదు, దాన్ని వాడుతున్న వారిది.

అందుకే చివరగా మన దగ్గరికి వస్తున్నాను. వారానికి ఆరు రోజులు, వందల ఎపిసోడ్లు సాగే ధారావాహిక తెలుగువారికి ఉన్నంత విస్తారంగా తక్కువమందికి ఉంది. కాలం, ఓపిక, ప్రేక్షకుల విశ్వాసం అన్నీ మన రచయితల చేతిలో ఉన్నాయి. కానీ ఆ సీరియళ్లలో ఆఫీసు ఎక్కువగా కనిపించేది ఎండీ గారి గదిగానే. ఇంట్లో తగవు ఆ గదిలోకి వచ్చి పడుతుంది, మళ్లీ ఇంటికి వెళ్తుంది. ఉద్యోగం చేసే కోడలికి ఉద్యోగంలో ఏం జరుగుతుందో మనకు తెలియదు. తెర వెనక సంగతీ మనకు ఆలస్యంగానే తెలుస్తుంది. మలయాళ సినిమా రంగంలో స్త్రీల స్థితిగతులపై కేరళ ప్రభుత్వం 2017లో నియమించిన జస్టిస్ హేమ కమిటీ 2019 చివర నివేదిక ఇచ్చింది. అది ప్రజల ముందుకు వచ్చింది 2024 ఆగస్టులో, అదీ కొన్ని భాగాలు తొలగించాకే. తెలుగు సినిమా రంగంలో వేధింపులపై తెలంగాణ ప్రభుత్వం 2019లో వేసిన కమిటీ తరఫున ఉపసంఘం నివేదిక 2022లో ప్రభుత్వానికి చేరింది. కేరళ నివేదిక వెలువడ్డాక, దాన్నీ బయటపెట్టాలని నటి సమంత బహిరంగంగా కోరారు. టెలివిజన్‌లో పనిచేసే స్త్రీల జీవితాలూ ఆ పరిశ్రమలతో ముడిపడినవే. బాధితుల వివరాలు కాపాడుతూనే అలాంటి నివేదికల పూర్తి పాఠాలు ప్రజలకు అందాలని ఈ వేదిక మీది నుంచి రెండు తెలుగు ప్రభుత్వాలనూ కోరుతున్నాను. 2023 మేలో సుప్రీంకోర్టు సైతం 2013 చట్టం అమలులో తీవ్రమైన లోపాలున్నాయని చెప్పి, కమిటీల ఏర్పాటును సరిచూడాలని ప్రభుత్వాలను ఆదేశించింది.

సీరియల్ రచయితలకు, దర్శకులకు, ఛానల్ బాధ్యులకు నా విన్నపం ఒక్కటే. మీ నాయికను రోజూ ఆఫీసుకు పంపిస్తున్నారు, ఆమె వెంట మీరూ లోపలికి వెళ్లండి. ఆమె పని ఏమిటో, జీతం ఎంతో, పక్క కుర్చీలోని మగవాడికి ఎంతో, ఆమె ఫిర్యాదు చేస్తే అది ఏ బల్ల మీదికి వెళ్లి ఎక్కడ ఆగిపోతుందో ఓపికగా రాయండి. ఆ రాతకు ముందు, పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే మీ సొంత సెట్‌లో చట్టం అడిగిన అంతర్గత కమిటీ వేయండి. ఆ కమిటీ ఏర్పాటు ఉత్తర్వును, వేధింపులకు పడే శిక్షలను అందరికీ కనిపించే చోట పెట్టాలని 19వ సెక్షన్ చెబుతోంది. షూటింగ్ ఫ్లోర్ తలుపు పక్కన ఆ బోర్డు పెట్టించండి.